అర చుట్టు

"క్లచ్ మార్చమంటే బండికి చలిజ్వరం తెప్పించావు మాలెమ్," అన్నాడు టాక్సీ డ్రైవర్ బూఅజ్జా, డోరు ధడేల్మని వేసి.

మూడు రోజుల్లో ఇది మూడోసారి. ఆ పాత మెర్సిడెస్ ఎనభై దాటితే చాలు, స్టీరింగు నుంచి సీటు దాకా ఒకటే అదురు.

మెకానిక్ జిలాలీకి ఒళ్ళు మండింది. మొరాకోలోని ఆ ఖెనిఫ్రా ఊళ్ళో చిన్నా పెద్దా అతన్ని మాలెమ్ అనే పిలుస్తారు. పనిలో గురువని ఆ గౌరవం.

"పోయి చక్రాలు చూపించుకో. నా పనికి వంక పెట్టేవాడు ఈ ఊళ్ళో ఇంకా పుట్టలేదు."

"నిన్ననే చూపించాను. ఇవాళ కూడా స్టాండులో నా వంతు పోతే పర్మిట్ ఆసామి బండి ఇంకొకడికిస్తాడు. ఇంట్లో నలుగురు పిల్లలు. నీ పొగరు వండుకు తినమంటావా?"

షెడ్డు గుమ్మంలో ఎవరో దగ్గారు. పాదాల దాకా గోధుమరంగు జలాబా తొడుక్కున్న ముసలాయన. ఇద్దరికీ కొత్త ముఖం.

"ఈ బండి అదురు సంగతి స్టాండులో విన్నాను బాబూ. గేర్‌బాక్స్ దించేటప్పుడు కింద వెనక చక్రాల్ని తిప్పే షాఫ్ట్ రెండు ముక్కలూ విప్పారు గదా. మళ్ళీ అలాగే కూర్చునేట్టు ముందే రెంటి మీదా కలిపి గీత పెట్టారా?"

పెట్టలేదు. జిలాలీ ఎప్పుడూ పెట్టడు. నా కన్నే గీత అంటాడు, అదో గొప్ప.

"అర చుట్టు తేడాగా కూర్చుంది. విప్పి, తిప్పి బిగించండి. అప్పటిదాకా రోడ్డెక్కించొద్దు."

"ముప్పై ఏళ్ళుగా విప్పుతున్నాను. పో తాతా, పోయి మసీదు గోడ పక్కన ఎండ కాచుకో."

"నన్నెంతైనా తిట్టు. బండి మాత్రం పంపకు."

అత్త మీద కోపం దుత్త మీద చూపించాడు బూఅజ్జా. "నా వంతు పోగొట్టమని ఎవడు పంపాడు నిన్ను?" అంటూ భుజం పట్టి బయటికి నెట్టాడు.

ముసలాయన తూలి, గోడ పట్టుకున్నాడు. తర్వాత మెల్లగా నడిచి బండికి అడ్డంగా నిలబడ్డాడు. బూఅజ్జా బండెక్కి హారన్ మీద చెయ్యి తీయలేదు. ఆయన కదల్లేదు.

"విప్పుతాను," అని పళ్ళు కొరికాడు జిలాలీ. "నీ మాట తప్పయితే ఆ జలాబాతోనే నా షెడ్డు తుడిపిస్తాను."

కిందికి దూరాడు. విప్పాడు, అర చుట్టు తిప్పి బిగించాడు.

బూఅజ్జా వంతెన దాకా తొంభైలో తోలి వచ్చాడు. బండి నూనె రాసినట్టు సాగింది. తిరిగొచ్చేసరికి ముసలాయన లేడు. జిలాలీ ముఖం ఎత్తకుండా చేతులు తుడుచుకుంటున్నాడు.

ఆయన్ని నెట్టిన తన చెయ్యి మీద బూఅజ్జాకే అసహ్యమేసింది. క్షమించమని అడుగుదామని స్టాండుకి పరుగెత్తాడు.

"ఆ పెద్దాయనా? ఇప్పుడే మిదెల్త్ ఊరికి పోయే టాక్సీలో వెళ్ళిపోయాడే," అన్నాడు ప్రయాణికుల్ని పిలిచే ముహా.

"ఎవరాయన? మెకానిక్కా?"

"కాదన్నా. పోయిన వారం షాఫ్ట్ ఊడి కనుమ కింద పడ్డ టాక్సీ ఉంది చూడు, అందులో చనిపోయిన డ్రైవరు ఆయన కొడుకే. వాడు కూడా నెల కింద జిలాలీ దగ్గరే క్లచ్ మార్పించుకున్నాడు."