మళ్లీ అదే ఫ్యూజు

టో ట్రక్కు మీంచి ఎర్ర కారు దిగుతుంటే షెడ్డులో అందరూ పని ఆపి చూశారు. కొని ఆర్నెల్లు కాలేదు. షెడ్డుకు రావడం ఇది ఐదోసారి.

ట్రక్కు ముందు సీట్లోంచి దిగిన పెద్దాయన తాళం తెచ్చి హెడ్ మెకానిక్ చేతిలో పెట్టాడు. ముప్ఫై రెండేళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి. కారు ఆయనది కాదు, కూతురిది.

"పొద్దున్నుంచీ స్టార్టవలేదు నాయనా."

"శుక్రవారం వస్తే చాలు, మీ బండికి శని పడుతోందండీ," అన్నాడు మెకానిక్.

పెద్దాయన నవ్వలేదు. తొందరేం లేదని, నిదానంగానే చూడమని చెప్పి గోడ పక్క బెంచీ మీద కూర్చున్నాడు.

వెనక చక్రాలు తోసే స్పోర్ట్సు కారు, కొత్త మోడలు. మొదటి విడతలో వచ్చిన బండ్లన్నిటికీ ఏదో ఒక బాలారిష్టం ఉంటూనే ఉంది. దీనికి మొదటిసారి వెనక ఇరుసు దగ్గర ఆయిలు కారింది. సీలు మార్చారు. రెండోసారి ఇంజను దీపం వెలిగింది. విప్పి చూస్తే ఆయిలు జల్లెడ నిండా ఫ్యాక్టరీలో పూసిన జిగురు ముక్కలు. ఆ రెండూ తమ తప్పులేనని కంపెనీ ఒప్పుకుంది.

మెకానిక్‌ని తినేస్తున్నది ఆ తర్వాతి జబ్బు. బండి స్టార్టవదు. చూస్తే పెట్రోలు పంపు ఫ్యూజు కాలి ఉంటుంది. కొత్తది వేస్తే బండి బంగారంలా నడుస్తుంది. నాలుగు వారాలు తిరిగేసరికి మళ్లీ అదే ఫ్యూజు. ఫ్యూజు ఊరికే కాలదు, ఎక్కడో వైరు ఒరుసుకుంటూ ఉండాలి. ఆ ఎక్కడో ఎక్కడన్నది ఇరవై ఏళ్ల అనుభవానికి అంతు చిక్కలేదు.

మర్నాడు పెద్దాయన వెంట కూతురూ వచ్చింది. ఇరవై ఆరేళ్లు ఉంటాయి. రేపటికి బండి ఇవ్వగలరా అని అడిగింది. కుదరదన్నాడు. ఆమె గొంతు పెంచలేదు. తన స్నేహితులంతా ఆదివారం పొద్దున్నే కొండ రోడ్డెక్కుతుంటే తాను ఇంట్లో కూర్చుని పేపరు చదువుకుంటున్నానని, ఇలా ఎన్ని ఆదివారాలు పోయాయో లెక్క కూడా వదిలేశానని చెప్పింది.

"చేతకాకపోతే చేతకాదని చెప్పండి. వేరే షెడ్డు చూసుకుంటాను," అని వెళ్లిపోయింది.

ఆ మాట మెకానిక్‌కి ముల్లులా దిగింది. బెంచీ మీదున్న పెద్దాయన తల దించుకున్నాడు. ఆయనే మాట మొదలుపెట్టాడు. తాను నడిపిందీ వెనక చక్రాల బండేనట. తడి రోడ్డు మీద మలుపులో కాలు కాస్త బరువుగా పడితే తోక తిప్పేస్తుందట. అమ్మాయి బండి తీసుకెళ్లిన రోజు, అది తిరిగొచ్చేదాకా కిటికీ దగ్గర నుంచి లేవలేడట.

"మీకా భయం వద్దు," అన్నాడు మెకానిక్. "ఈసారి నా చేతులు పడ్డాక మీ అమ్మాయి బండి నడిరోడ్డు మీద ఆగదు."

అన్నంత పనీ చేశాడు. కంపెనీతో పోట్లాడి కొత్త వైరింగు, కొత్త ఫ్యూజు పెట్టె తెప్పించాడు. పనివాళ్లని దగ్గరికి రానివ్వకుండా డాష్‌బోర్డు మొత్తం విప్పి, ఒక్కో తీగా తానే పరిచాడు. నీటి చుక్క గాని, మనిషి వేలు గాని తగలకుండా పెట్టెకు గట్టి మూత బిగించాడు. షెడ్డులో ఉన్న పానా ఉంటే తప్ప అది ఊడదు.

తాళం అందుకుంటూ పెద్దాయన ఆ మూతని వేళ్లతో తడిమి చూశాడు. ఇంకో వారం ఉంచుకుని చూడరాదా అని అడిగాడు. రెండు వందల కిలోమీటర్లు తిప్పి చూశానని, భయానికైనా ఒక అంతుండాలని మెకానిక్ నవ్వాడు.

బండి ఇచ్చాక రెండో ఆదివారం వాన పడింది. పొద్దున ఆరు గంటలప్పుడు కొండ మలుపులో ఎర్ర కారు రోడ్డు దిగి లోయలో పడింది. పైకి తెచ్చేసరికి ఆ పిల్ల ఒంట్లో ప్రాణం లేదు.

తుక్కయిన బండి అదే ట్రక్కు మీద షెడ్డుకు వచ్చింది. కంపెనీ ఇంజనీరు బ్రేకులు, స్టీరింగు, టైర్లు చూశాడు. లోపమేమీ లేదు. ఆ మలుపుకు ఉండాల్సిన వేగానికి రెట్టింపులో పోయినట్టు బండిలోని కంప్యూటరు చెప్పింది. ఆయన రెండు ముక్కలు రాసుకుని తేలిక పడ్డ ముఖంతో వెళ్లిపోయాడు.

మెకానిక్ నమ్మలేదు. దొరకని జబ్బు పోయిందని ఎలా అనుకోవడం? మలుపు మధ్యలో ఇంజను ఆగి ఉంటుందనుకున్నాడు. పానా తెచ్చి మూత తీశాడు. ఫ్యూజు చెక్కు చెదరలేదు. అయినా మనసు కుదుటపడలేదు. పది రోజులు అన్నం సయించలేదు. పదకొండో రోజు అడ్రసు వెతుక్కుంటూ పెద్దాయన ఇంటికి వెళ్లాడు.

రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు. పెద్దాయన తలుపు తీసి, మంచినీళ్లిచ్చి, కిటికీ దగ్గరున్న ఒక్క కుర్చీనీ చూపించాడు. మెకానిక్ కూర్చోలేదు.

"ఆ ఫ్యూజు ఎందుకు కాలిపోయేదో నాకు చివరిదాకా తెలియలేదండీ. అన్నీ తెలిసినవాడిలా మీకు మాటిచ్చాను. మీ అమ్మాయి నా చేతకానితనం వల్లే పోయింది. ఆ మాట చెప్పుకోవడానికే వచ్చాను."

పెద్దాయన అతని చేయి పట్టుకుని కూర్చోబెట్టాడు. కిందున్న రోడ్డు వైపు చూశాడు.

"నీ పనిలో ఏ లోపమూ లేదు నాయనా," అన్నాడు. "ఆ బండిలో ఫ్యూజు ఎప్పుడూ కాలలేదు.

"కాలినది తెచ్చి పెట్టింది నేనే."