బోటు ఆయిల్

"చిన్నమ్మీ, ఆ డబ్బా నా చెవి కాడెట్టు" అన్నాడు నాన్న.

నడుము విరిగి మంచం పట్టకముందు నాన్న బోటు ఇంజన్ల మెకానిక్. గరగరమంటున్న కంప్యూటర్‌ని మంచం పక్కకు జరిపాను. ఈ హిందీవాళ్ల ఊళ్లో, దాని మీద అక్క చేసే టైపింగుతోనే మా ఇల్లు గడుస్తోంది.

"షాదీపూర్‌లో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం భయ్యాని పిలుద్దాం నాన్నా" అంది అక్క.

"ఆడెందుకే? పవర్ సప్లైలో ఫ్యాను ఎండిపోనాది, అంతే. నా బోటు ఆయిల్ సీసా తే."

కంప్యూటర్ ఆపి, వెనక జాలీలోంచి నాన్న చెప్పినట్టే ఆయిల్ చుక్కలు వేశాను. మళ్లీ స్విచ్ వేస్తే తెర వెలిగింది, చప్పుడే లేదు.

"మాన్ గయే నాన్నా, ఒప్పేసుకున్నాం!" అక్క చప్పట్లు కొట్టింది.

"సూసినారా! మీ నాన్న ఇంకా పనికొత్తాడు."

నాన్న అలా నవ్వి ఏడాదైంది.

నేను వెనక చెయ్యి పెట్టి చూశాను. గాలి రావడం లేదు. చిక్కటి ఆయిల్‌కి ఆ చిన్న ఫ్యాను బిగుసుకుపోయింది. రేకు అప్పుడే వేడెక్కుతోంది.

మెల్లగా ప్లగ్ లాగేశాను.

"కరెంటు పోయింది నాన్నా."

నాన్న పైకి చూశాడు. సీలింగ్ ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"అవునమ్మీ, కరెంటు పోనాది" అని ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.