దండెం మీద కబురు

సోమవారం పొద్దున వింగ్ కమాండర్ క్రాడాక్ కడుపునొప్పి అని చెప్పి ఇంట్లో ఉండిపోయాడు. కడుపులో నొప్పేమీ లేదు. జేబులో చీటీ ఉంది.

అది నిన్న పెరట్లో, బట్టల క్లిప్పుల బుట్టలో దొరికింది. "ఏమండీ, వానొచ్చేలా ఉంది, ఆ బుట్ట కాస్త లోపల పెట్టరూ" అని భార్య మేబెల్ ఎన్నడూ లేనిది పని చెబితే వెళ్లాడు. వాన రాలేదు గానీ చీటీ దొరికింది. అచ్చక్షరాల్లో మూడే ముక్కలు.

"తెల్ల దుప్పటి: నాన్న ఇంట్లో ఉన్నాడు. నీలం తువ్వాలు: నాన్న లేడు, వచ్చెయ్. ఎర్ర టేబుల్ క్లాత్: ఆశ వదులుకో, నన్ను మరిచిపో."

క్రాడాక్‌కి అంతా అర్థమైపోయింది. వైమానిక స్థావరమున్న ఆ వెరిబీ ఊళ్లో సోమవారమంటే ఇంటింటా ఉతుకుల రోజు. నాలుగు నెలలుగా సోమవారం పదింటికల్లా ఒక విమానం ఆయన పెరటి మీదికి, కోళ్లు గుడ్లు మానేసేంత కిందికి దిగుతోందని పక్కింటావిడ మొత్తుకుంటోంది. నడిపేది ఫ్లయింగ్ ఆఫీసర్ ప్రయర్. ఆ సమయానికి దండెం దగ్గరుండేది కూతురు ఈనిడ్. బీరువాలో బ్రాందీ కూడా ఈమధ్య తరుగుతోంది. నీలం తువ్వాలు రోజున వచ్చి తాగిపోతున్నాడన్నమాట!

ప్రయర్ గురువారం ఓడెక్కుతున్నాడు. ఇంగ్లండులో రెండేళ్లు ఉండాలి. ఈలోగా ఈనిడ్‌ని పెళ్లాడాలని వాడి ఆత్రం. కుర్ర ఆఫీసరు పెళ్లికి పై అధికారి సంతకం కావాలి. ఆ అధికారి క్రాడాకే. మూడుసార్లు కాగితం పెట్టుకుంటే మూడుసార్లూ తిప్పికొట్టాడు.

పంతం కాదు, భయం. ఫ్రాన్సులో, ఇరాకులో పదకొండుమంది జతగాళ్లను పాతిపెట్టి వచ్చిన మనిషి. గుమ్మంలో టెలిగ్రాం అన్న కేక వింటే చాలు, మేబెల్ ఎలా వణికేదో ఆయనకు తెలుసు. కూతురికి ఆ బతుకు వద్దు.

"మీ గురించి మా నాన్నా అచ్చం ఇలాగే అన్నాడు," అంది మేబెల్ ఆమధ్య.

"ఆయన మాట వినుండాల్సింది."

"విననందుకేగా, పాతికేళ్లుగా మీ చొక్కాలు ఉతుకుతున్నాను!"

పదికి ఐదు నిమిషాలుంది. ఈనిడ్‌ని మేబెల్ సబ్బుల కోసం కొట్టుకి పంపింది. బట్టల గంపలో ఎర్ర టేబుల్ క్లాత్ అన్నిటికన్నా పైనే ఉంది. తడి కూడా లేదు. దేవుడు తన పక్షానే ఉన్నాడనుకున్నాడు క్రాడాక్. ఇరాకు ఎడారిలో సైనికులు సంకేతాలుగా పరిచిన గుడ్డపీలికల్ని ఆకాశంలోంచి చదివినవాడాయె, గుడ్డముక్కతో తనను మోసం చేసేవాడు ఇంకా పుట్టలేదని ఆయన ధీమా.

మోత వినబడగానే నోట్లో క్లిప్పులు కరుచుకుని, ఎర్రగుడ్డను బారుగా ఆరేశాడు.

విమానం రెండు చుట్లు తిరిగింది. రెక్కలు అటూ ఇటూ ఊపి వెళ్లిపోయింది. ఆశ వదులుకున్నవాడు రెక్కలూపడమేమిటో ఆయనకు బోధపడలేదు. అయినా మధ్యాహ్నం ఆ కడుపునొప్పి మనిషి మూడు మటన్ చాప్స్ లాగించాడు.

నాలుగింటికి ప్రయర్ దిగాడు. పరేడ్ దుస్తులు, నడుముకి కత్తి, వెనక పాదిరిగారు.

"మీ మేలు జన్మలో మరిచిపోను సార్!"

"ఏం వాగుతున్నావ్?"

ప్రయర్ ఒక చీటీ అందించాడు. "నిన్న నా గది తలుపు కింద ఎవరో వేసిపోయారు సార్."

అవే అచ్చక్షరాలు. "ఎర్ర టేబుల్ క్లాత్ నాన్నే ఆరేస్తే: పెళ్లికి ఒప్పుకున్నట్టు."

"నేను నమ్మలేదు సార్. అందుకే ఫొటోలు తీసే అతన్ని వెనక సీట్లో ఎక్కించుకున్నా." ఇంకా తడారని ఫొటో బల్ల మీద పెట్టాడు. నోట్లో క్లిప్పులతో సహా క్రాడాక్ స్పష్టంగా పడ్డాడు. "మెస్‌లో గోడకి పెడతామంటున్నారు మనవాళ్లు."

కాదంటే, కూతురి చీటీ దొంగచాటుగా చదివానని, లేని నొప్పి నటించి తన ఆఫీసరుకే తప్పుడు సంకేతం ఇచ్చానని ఒప్పుకోవాలి.

గుమ్మంలో ఈనిడ్ నిలబడి ఉంది. "నిజంగానా నాన్నా?"

ఆ గొంతు వినగానే ఆయన గుండె నీరైపోయింది.

"నిజమేనే," అన్నాడు. సంతకం పెట్టేశాడు.

అందరూ టీకి లోపలికి వెళ్లాక రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి చూశాడు. చిరిగిన అంచులు అతికినట్టు కలిశాయి.

వెనక్కి తిప్పితే, మేబెల్ చేతిరాతలో: "ఈనిడ్ పెళ్లి కేకు: ఎండుద్రాక్ష రెండు పౌన్లు, వెన్న ఒక పౌను, వారం వారం ఆయన బ్రాందీ రెండు చెంచాలు పోయాలి, మూడు నెలలపాటు."