అమ్మకి రాసినవి

పిల్లలు ఫోన్‌లో చేసే పనులకు పూచీ తల్లిదండ్రులదా, ప్రభుత్వానిదా అన్నది అప్పటికి ప్రతి ఇంట్లోనూ వేలిముద్ర వేసి తేల్చుకోవలసిన సంగతి అయిపోయింది. అంతవరకూ భార్య చూసుకున్న ఆ పనిని, ఆమె చనిపోయిన వారానికే గోవర్ధనం ప్రభుత్వానికి అప్పగించేశాడు.

కూతురు హంసిని రోజూ తల్లి నంబరుకు ఏదో రాసుకునేది. జవాబివ్వని పెద్దవాళ్లతో పిల్లలకు మాటలు ప్రమాదమని ప్రభుత్వ కాపలా దాన్ని మూసేసింది. అప్పటినుంచీ పిల్ల అన్నం సరిగా ముట్టడం లేదు.

వార్డు ఆఫీసులో అమ్మాయి గొంతు తగ్గించి చెప్పింది. "పూచీ మీరే తీసేసుకోండి బాబాయ్‌గారూ. కాకపోతే ఆ పాప రాసినవన్నీ మీరు చదివితేనే ఆ నంబరు తెరుచుకుంటుంది. రేపేదన్నా అయితే కేసు మీ మీదే."

గోవర్ధనం వేలిముద్ర వేసి, ఇంటికొచ్చి కూతురి ఫోన్ తెరిచాడు.

"నాన్నా, అవి అమ్మకి. నువ్వు చదవకు."

"చదవకపోతే గవర్నమెంటోళ్లు ఊరుకోరమ్మా. చదివినంతసేపూ ఫోన్‌కి మొహం ఎదురుగా పెట్టాలంట."

"అయితే వద్దులే. మూసెయ్."

గోవర్ధనం కూతురివైపు చూసి, కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. అది లేకపోతే అతనికి ఎదుటి మనిషే ఆనడు. "ఇలా వచ్చి కూర్చో. ఎక్కడ అయిపోయిందో నువ్వే చెప్పాలి."

వేలితో జరుపుకుంటూ పోయాడు. తెరమీద అక్షరాలు మసకగా కదిలిపోయాయి. పిల్ల నవ్వడం ఎందుకు మానేసిందో అంతా అందులోనే ఉండి ఉంటుంది. ఇకమీదట ఏం జరిగినా పూచీ తనదే, ఏం జరుగుతోందో మాత్రం తెలియదు.

చివర్న "చదివాను" అన్నచోట హంసినే అతని వేలు పట్టుకుని ఆనించింది.