లీడరుకో గ్రాఫిక్స్ కార్డు

“లైట్లు వెలిగేది కావాల్నా, బాగా ఆడేది కావాల్నా ఆంటీ?” అంది కౌంటరు వెనకున్న పిల్ల.

“రెండూ ఒకటి కాదా?” అంది శోభారాణి.

“కాదాంటీ. లైట్లకు పెట్టే దుడ్లు ఆటకు అక్కరకు రావు.”

శోభారాణికి ఆ మాట నచ్చింది. ధర్మవరంలో ఇరవై ఏళ్ళుగా పట్టుచీరలు అమ్ముతున్న మనిషి ఆమె. మెరిసేదంతా మంచి జరీ కాదని కొనేవాళ్ళకు నోరు తెరిచి చెప్పే అంగడివాళ్ళు ఎంతమంది ఉంటారో ఆమెకు బాగా తెలుసు.

హిందూపురంలోని ఈ కంప్యూటర్ల షాపుకే పొమ్మన్నాడు కొడుకు రోహిత్. “ఆడ ఐశ్వర్య అని ఒక అక్క ఉంటాది. ఆమెనే అడుగు. ఎవరికో, ఏ ఊరో మాత్రం చెప్పొద్దు” అని ఒక చీటీ చేతిలో పెట్టాడు. వాడి ఆన్‌లైన్ ఆటల టీమ్ లీడరు దగ్గరున్న పాత కంప్యూటరులో ఏమేమి ఉన్నాయో ఆ చీటీలో రాసుంది.

ఆ లీడరును శోభారాణి ఏనాడూ చూడలేదు. ఆర్నెల్ల కిందట ఒక మధ్యాహ్నం, తనూ భర్తా అంగట్లో ఉండగా, ఇంట్లో ఒంటరిగా ఆడుకుంటున్న రోహిత్ ఫిట్స్ వచ్చి కుర్చీతో సహా పడిపోయాడు. మైకులోంచి ఆ చప్పుడు టీమంతా విన్నారు. ఏదో పడిందిలే అనుకుని అందరూ ఆటలో మునిగిపోతే, లీడరు మాత్రం ఆట వదిలేసి 108కి ఫోన్ చేశారట. రోహిత్ ఎప్పుడో మాటల్లో చెప్పిన అంగడి పేరు గుర్తు చెప్పి, అంబులెన్సు ఇల్లు చేరేదాకా ఫోన్ పెట్టలేదట. ఇంకో పది నిమిషాలు ఆలస్యమై ఉంటే పిల్లాడు దక్కేవాడు కాదన్నాడు డాక్టరు.

ఎవరు కన్న బిడ్డో గానీ, ఆ రోజు నుంచి దీపం పెట్టినప్పుడల్లా శోభారాణి దేవుడితో పాటు ఆ బిడ్డకూ ఒక దండం పెట్టుకుంటోంది. పట్టుపంచె పంపుతానంది, ఇంటికి భోజనానికి పిలవమంది. “లీడర్‌కు అట్లాంటివి ఇష్టముండదులేమ్మా” అని రోహిత్ దాటేశాడు. మొన్న మాత్రం తనంతట తనే వచ్చి, లీడరు కంప్యూటరు పాతబడిందని, అది బాగు చేయిస్తే అంతకన్నా పెద్ద కానుక ఉండదని చెప్పాడు. శోభారాణి పొద్దున్నే రైలెక్కింది.

పెనుకొండ దాకా ఆమె మనసు వెన్నలాగే ఉంది. అది దాటాక అనుమానం పురుగులా తొలచడం మొదలైంది. గ్రాఫిక్స్ కార్డు కావాలని ఏడాదిగా ప్రాణం తోడేస్తున్నది రోహితే కదా! వీడు లీడరు పేరు చెప్పి అమ్మ చెవిలో పువ్వు పెట్టడం లేదు కదా?

ఐశ్వర్య చీటీ చదివి నవ్వింది. “ఈ బోర్డా! ఈ ఊర్లో సగం మందికి ఇదే ఆంటీ.”

“ఆ మూడు ఫ్యాన్ల కార్డు ఇయ్యి పాపా. పెద్దదే ఇయ్యి.”

“వద్దాంటీ. పాత పవర్ సప్లై దాన్ని మోయలేదు. రెండు ఫ్యాన్లది చాలు. ర్యామ్ ఎనిమిది జీబీవి రెండు వేద్దాం. ఒక ఎస్ఎస్‌డీ పెడితే ఆట ఠక్కున తెరుచుకుంటాది. ప్రాసెసరు మార్చే పనే లేదు.”

“నీ బేరం నువ్వే తగ్గించుకుంటాండావే! మీ ఓనరు ఊరుకుంటాడా?”

“ఊరుకోక ఏం చేస్తాడు? కొన్నోళ్ళు ఇంటికి పోయినాక మనల్ని తిట్టుకోకూడదు కదాంటీ.”

ఇట్లాంటి పిల్ల ఒక్కతి తన అంగట్లో ఉంటే తాను కాస్త నడుం వాల్చొచ్చు అనుకుంది శోభారాణి.

“నిజం చెప్పు. నీ ఇంటికైతే ఏది పెట్టుకుంటావు?”

ఐశ్వర్య కార్డు డబ్బాను రెండు చేతులతో తిప్పి చూసింది. “ఇదే. రోజూ ఎవరో ఒకరికి బిగిస్తాంటా. మాకెప్పుడో మరి! మీ అబ్బాయికా ఆంటీ?”

“అదే తేలాల” అని నోటిదాకా వచ్చింది. మింగేసి డబ్బు కట్టేసింది. ఐశ్వర్య లోపల అన్నీ ఒక అట్టపెట్టెలో సర్దుతుంటే, శోభారాణి గుమ్మం బయటికొచ్చి కొడుక్కి ఫోన్ చేసింది.

“కొన్నాను. ఇప్పుడు నిజం చెప్పు. ఇది ఆ పిల్లోనికా, నీకా?”

“దుడ్లు కట్టేసినావా?”

“కట్టేస్తి.”

“వాపస్ తీసుకోరు కదా?”

“తీసుకోరంట.”

“అబ్బ! బతికిస్తివమ్మా.”

ఆమెకు ఒళ్ళు మండింది. “దొంగ స...” అనబోయి నాలిక కరుచుకుంది. ఆ తిట్టు ఆమె ఆర్నెల్లుగా మానేసింది.

“నీకు కావాలంటే నన్ను అడగరాదా? నీకు ప్రాణం పోసిన బిడ్డ పేరు చెప్పి తీసుకుంటావా? ఎన్ని దండాలు పెట్టినా తీరే రుణం కాదురా అది. ఆ పిల్లోడు ఒక్కసారి కనపడితే చేతులు పట్టుకుని ఏడ్వాలని ఉండాది నాకు. ఈ పెట్టె ఇంటికి రాదు. నేనే తీసుకుపోయి ఇస్తా. యాడుంటాడో చెప్పు.”

“యాడికీ పోవద్దమ్మా. నేనడిగితే ఏమీ వద్దంటారని, ఏది కావాలో కూడా చెప్పరని నిన్ను పంపితి. లోపలికి పో” అన్నాడు రోహిత్ మెల్లగా.

“లోపల ఎవరుండారురా?”

“నీకు కార్డు ఎంచి ఇచ్చిన ఆ అక్కే మా లీడరు.”