నాలుగు స్తంభాలు

“ఆగాగు! చెప్పులు విప్పి రా బాబూ,” అంది ముసలామె రొకియా.

ఇంజనీరు సజ్వాన్‌కి ఒళ్ళు మండింది. సరవాక్ తీరాన, మడ అడవి బురద మీద వేసిన చెక్కబాట అది. పలకలు పుచ్చిపోయాయి, మేకులు పైకి తేలాయి. కొత్తది వేయడానికి కొలతలు తీసుకుంటున్నాడు. చెప్పులు విప్పడానికి ఇదేమన్నా మసీదా?

“ఇక్కడ ఔలియా సమాధేమైనా ఉందా అవ్వా?”

“లేదు.”

“పోనీ, దెయ్యమా?”

“ఉంటే బాగుండును. పలకరించడానికి ఒకరైనా ఉండేవారు.”

ఆమె తన చెప్పులు జతగా పక్కన పెట్టింది. ఎదురుగా ఎవరూ లేకపోయినా సలాం చెప్పి, కుడికాలు ముందు పెట్టింది. బాటను మోస్తూ పలకల పైకి పొడుచుకొచ్చిన నాలుగు లావుపాటి స్తంభాల నడుమ చతికిలబడి అరిటాకు పొట్లం విప్పింది. అన్నం, ఎండుచేపల కారం.

“రా, రెండు ముద్దలు తిను. వచ్చినవాణ్ణి ఉత్త కడుపుతో పంపిస్తానా?”

“ఇక్కడ తినకూడదవ్వా, కోతులు ఎగబడతాయి. అయినా రోజూ ఎందుకొస్తావు?”

“రెండు బస్సులు మారి మరీ వస్తాను. మీ పలకలన్నీ పీక్కోండి, కాదనను. ఈ నాలుగు స్తంభాలూ వదిలెయ్యండి. నీకు పుణ్యముంటుంది.”

సజ్వాన్ స్తంభాన్ని తట్టి చూశాడు. బెలియన్ కర్ర, ఇనుమే అనుకోవచ్చు. బాట వేసి ఇరవై ఏళ్ళే. ఇవి అంతకంటే పాతవి. పాత కాంట్రాక్టరు ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చాడో!

“కుదరదవ్వా. ఇది సున్నితమైన అడవి. పాతది ఒక్క ముక్క మిగలకూడదని పైవాళ్ళ ఆర్డరు.”

ఆమె ముద్ద నోట్లో పెట్టుకోకుండానే పొట్లం కట్టేసింది.

పని మొదలైంది. మూడు స్తంభాలు కప్పీకి లొంగాయి. నాలుగోది పొద్దంతా సతాయించింది. రొకియా గట్టున నిలబడి చూసింది. ఏడవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. పెట్టి ఉంటే సజ్వాన్‌కి ఆ రాత్రి నిద్ర పట్టేదేమో.

కొత్త బాట ప్రారంభం రోజున పాపమనిపించి, ముందు ఆమెనే నడవమన్నాడు. మొదట్లోనే పెద్ద బోర్డు ఉంది.

“ఏం రాశారు బాబూ? నాకు కళ్ళు ఆనవు.”

“‘ఈ అడవిలో మనిషి ఏనాడూ కాపురముండలేదు’ అని,” గర్వంగా చదివాడు.

ఆమె నవ్వింది. అందులో నవ్వేందుకేముందో సజ్వాన్‌కి అంతుపట్టలేదు. టపటపా నడుచుకుంటూ ఆ పాత చోటు దాటిపోయింది.

“అదేమిటవ్వా, ఇవాళ చెప్పులు విప్పలేదు?”

“మా ఇంటి గుమ్మం మీరు పీకేశారుగా!”