మీ బాధ నాకర్థమైంది

"సార్, బయట ఎవరో ఆవిడ. మీతో ఒక్క మాట మాట్లాడాలంటోంది," అన్నాడు టీ కప్పులు తీస్తున్న మనిషి.

సూపరింటెండెంట్ విసుక్కుంటూ లేచాడు.

నేరం చేసిన పిల్లల్ని ఉంచే హోమ్‌ల అధికారులకి ఆ హాల్లో నాయకత్వ శిక్షణ జరుగుతోంది. పొద్దున క్లాసు ఆయనకి తెగ నచ్చింది.

"కాదని చెప్పడం కూడా ఒక విద్యే," అంది ట్రైనర్. "ముందు కళ్ళలోకి చూడండి. 'మీ బాధ నాకర్థమైంది' అనండి. తర్వాత మెల్లగా కాదనండి. ఎదుటివాళ్ళు నొచ్చుకోరు."

ఆవిడ వరండాలో గోడవారగా నిలబడి ఉంది. యాభై దాటి ఉంటాయి. చెప్పుల నిండా దుమ్ము.

"హోమ్‌కి వెళ్తే మీరిక్కడున్నారన్నారు సార్. పెయింటర్‌ని ఇవాళ పెద్ద జైలుకి పంపేస్తున్నారట కదా?"

ఆయన ఆ హోమ్‌కి వచ్చి కొన్ని నెలలే అయినా పెయింటర్ ఎవరో తెలుసు. అక్కడి గోడలన్నిటికీ రంగులేసిన కుర్రాడు, అందుకే అందరూ అలా పిలుస్తారు. హోమ్‌కి రాకముందు ఏదో మాటామాటా పెరిగి స్నేహితుణ్ణి మేడమెట్ల మీంచి తోసేశాడు. ఆ పిల్లాడు మళ్ళీ లేవలేదు.

"అవునమ్మా. ఇరవై ఒకటి నిండాయి. రూలు."

"ఇంకొన్నాళ్ళు మీ దగ్గరే ఉంచుకోవచ్చట కదా సార్? మీరు వద్దంటే ఆగుతుందట."

నిజమే. ఒక్క ఫోన్ చేస్తే వ్యాన్ ఆగుతుంది. కానీ తర్వాత కోర్టు చుట్టూ తిరగాలి, పైవాళ్ళకి సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఎవడు పడతాడు ఆ తలనొప్పి?

"వాడు చెడ్డవాడు కాదు సార్. ఆవేశం ఎక్కువ, అంతే. అక్కడికెళ్తే పూర్తిగా పాడైపోతాడు. ఇప్పటిదాకా పోయింది చాలు."

"కన్నతల్లికి ఏ బిడ్డా చెడ్డవాడిలా కనపడడమ్మా."

ఆవిడ ఏదో చెప్పబోయి మింగేసింది.

"అలాగే అనుకోండి సార్. ఆపుతారా మరి?"

పొద్దుటి పాఠం గుర్తొచ్చింది ఆయనకి. సూటిగా కళ్ళలోకి చూశాడు.

"మీ బాధ నాకర్థమైందమ్మా," అన్నాడు మెత్తగా. "కానీ నా చేతుల్లో ఏం లేదు."

ఆవిడ ఏడవలేదు. శాపనార్థాలు పెట్టలేదు. ఒక దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

'భలే పనిచేసిందే!' అనుకున్నాడు.

భోజనాలయ్యాక ట్రైనర్ ఎవరినైనా తమ అనుభవం చెప్పమంది. అందరికంటే ముందు ఆయనే లేచాడు. "అలాగే అనుకోండి సార్" అంటూ ఆవిడ గొంతు కూడా అనుకరించి చూపించాడు. హాలంతా నవ్వులు.

"నాయకుడంటే ఇలా ఉండాలి," అంది ట్రైనర్. చప్పట్లు మోగాయి.

ఆ హుషారులోనే సాయంత్రం హోమ్‌లోని డిప్యూటీకి ఫోన్ చేశాడు.

"పెయింటర్‌ని పంపేశారా?"

"పంపేశాం సార్. మీరు ఆపమంటారేమోనని ఆఖరిదాకా చూశాను. ఎక్కనని గేటు పట్టుకు వేలాడాడు. ఒక్కో వేలూ విడదీయాల్సొచ్చింది. ఇక ఆ జైలు గుమ్మం దాటాక మన మాట చెల్లదు కదా."

"ఏం చేస్తాం! వాళ్ళమ్మ కూడా పాపం ఇక్కడిదాకా వచ్చి బతిమాలింది."



"వాడికి తల్లెక్కడిది సార్? పురిట్లోనే పోయింది."

"మరి ఇందాక వచ్చినావిడ?"

"ఆవిడకి దారి చెప్పి పంపింది నేనే సార్. తనెవరో మీకు చెప్పలేదా?"

"నేను... అడగలేదు."

డిప్యూటీ గొంతు బాగా తగ్గిపోయింది.

"వాడు తోస్తే చచ్చిపోయాడే, ఆ పిల్లాడి తల్లి సార్ ఆవిడ."